ఖాకీ బట్ట, అమానతు మాట: మన్యం ఠాణా చరిత్రలో కొన్ని పుటలు



ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందిగా కార్యవర్గం వారు కోరినప్పుడు మేము కొంచెం తటపటాయించాము. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. తెలుగు మాట్లాడడం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే గానీ, తెలుగులో నాలుగు పేజీలు వ్రాయడం మాకు కొత్త. తప్పులుంటే పెద్దలు మన్నిస్తారని ఆశిస్తున్నాము.

ఏ విషయం మీద వ్రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా మన సంఘంలోని ఒక పెద్దాయన ఒక పాత నోటుపుస్తకం తెచ్చి మా చేతిలో పెట్టారు. ఆయన 1973లో కానిస్టేబులుగా చేరి, 2010లో సబ్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసిన మనిషి. సర్వీసులో ఎక్కువ కాలం విశాఖ మన్యంలోనే గడిచింది. అరకు, డుంబ్రిగుడ, పాడేరు వైపు కొండదారులన్నీ ఆయన కాళ్ళకు తెలుసు. మేమంతా ఆయన్ని చాచా అని పిలుస్తాము. "పేరు వెయ్యకండి మాస్టర్ సాబ్. పేరు వేస్తే అది నా గొప్ప చెప్పుకున్నట్టు అవుతుంది" అన్నారు. అందువల్ల పేరు వెయ్యడం లేదు.

పెద్ద అధికారులు తమ జ్ఞాపకాలను పుస్తకాలుగా వేసుకోవడం మనకు తెలిసిందే. మన రాష్ట్రంలో ఐ.పి.ఎస్. అధికారిగా పనిచేసిన మహమూద్ బిన్ ముహమ్మద్ గారు పదవీ విరమణ తర్వాత తన అనుభవాలను, ఆలోచనలను ఆంగ్లంలో 'ఎ పోలీస్‌మన్ పాండర్స్' అన్న పేరుతో పుస్తకంగా తెచ్చారు. కానీ లాఠీ పట్టుకుని సంతలో నిలబడినవాడు, వానలో గస్తీ తిరిగినవాడు వ్రాసిన పుస్తకం మేము ఎక్కడా చూడలేదు. చాచా నోటుపుస్తకం అలాంటిది. దాన్ని చదివాక, అందులోని సంగతులకు వెనక ఉన్న చరిత్రను కూడా కలిపి చెబితే బాగుంటుందని అనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆ పుస్తకం సగం ఉర్దూలో, సగం తెలుగులో ఉంది. ఇంటి సంగతులు, నమాజు, రోజా సంగతులు ఉర్దూలో వ్రాసుకున్నారు. ఠాణా సంగతులు తెలుగులో వ్రాసుకున్నారు. అయితే భాష చెప్పుకునే మాలాంటి వాడికి అందులో ఒక తమాషా కనబడింది. ఆయన తెలుగులో వ్రాశాననుకున్న ఠాణా మాటలు చాలా వరకు మన ఉర్దూ మాటలే!

ఫిర్యాదు, హాజరు, జామీను, ఖైదు, దర్యాప్తు, గస్తీ, బందోబస్తు, నిఘా, హవల్దారు, జమేదారు. ఇవన్నీ ఫార్సీ, అరబ్బీల నుంచి ఉర్దూకు, నవాబుల కాలంలో అక్కడి నుంచి తెలుగుకు వచ్చి స్థిరపడిన మాటలు. ఠాణా మాత్రం సంస్కృతంలోని 'స్థానం' హిందుస్తానీలో రూపు మారి మనకు తిరిగి వచ్చింది. ఏ మాట ఎవరిదో ఇప్పుడు విడదీయడం ఎవరి తరమూ కాదు. అయినా కొన్ని మాటలు దారిలో అర్థం మార్చుకున్నాయి. ఆ మార్పులోనే చరిత్ర దాగి ఉందని మా అభిప్రాయం.

'ఫర్యాద్' అంటే ఉర్దూలో ఏడుపు, మొర. తెలుగులో అది కాగితం మీద వ్రాసి ఇచ్చే ఫిర్యాదు అయింది. 'నిగాహ్' అంటే చూపు. తెలుగులో నిఘా అంటే అనుమానపు చూపు మాత్రమే. 'మామూల్' అంటే వాడుకలో ఉన్నది, రోజూ జరిగేది. తెలుగులో మామూలు అంటే ఆ అర్థంతో పాటు, సంతలోనో ఠాణాలోనో చేతిలో పెట్టవలసిన లంచం అని కూడా అయింది. రోజూ జరిగేదే గదా, తప్పేముంది అన్న భావం ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది. ఇక అన్నిటికన్న విచిత్రమైనది 'ముద్దయీ'. అరబ్బీలో, ఉర్దూలో దావా వేసిన వాణ్ణి, అంటే న్యాయం కోరి వచ్చిన వాణ్ణి ముద్దయీ అంటారు. ఎదుటి పక్షాన్ని ముద్దాఅలైహ్ అంటారు. తెలుగుకు వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు! మొర పెట్టుకోవడానికి వచ్చినవాడే దోషిగా నిలబడ్డాడన్నమాట. ఇది భాషలో జరిగిన పొరపాటే గావచ్చు. కానీ మన్యం చరిత్ర చదివితే, కొండమనిషికి ఠాణాలో జరిగింది కూడా చాలాసార్లు ఇదే అని తెలుస్తుంది.

ఇప్పుడు ఆ చరిత్రలోకి వెళ్దాము.

కుంఫిణీ దొరల కాలంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను 1839లో 24వ నంబరు చట్టం క్రింద మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు గారి ఏజెంటుగా నియమించి ఆయన చేతిలో పెట్టారు. మన్యానికి 'ఏజెన్సీ' అన్న పేరు అందువల్ల వచ్చింది. ఆ రోజుల్లో మద్రాసు రాజ్యంలో పన్ను వసూలు చేసేవాడూ పోలీసు పని చేసేవాడూ ఒకటే. తహసీల్దారు క్రింది జవాన్లే శిస్తు కట్టని రైతును ఎండలో నిలబెట్టేవారు, వంచి కట్టేవారు. ఈ హింసలపై విచారణ జరిపిన కమిషను 1855లో ఇచ్చిన నివేదిక ఈనాటికీ చదివేవాళ్ళకు ఒళ్ళు గగుర్పొడిపిస్తుంది. దాని ఫలితంగా పోలీసును రెవెన్యూ నుంచి వేరు చేసి 1859లో మద్రాసు పోలీసు చట్టం తెచ్చారు. అది కూడా 24వ నంబరు చట్టమే కావడం విశేషం. ఆ తర్వాత 1861లో దేశానికంతటికీ పోలీసు చట్టం వచ్చింది.

పోలీసు వేరయింది గానీ, కొండమనిషి కష్టం వేరవలేదు. గోదావరి మన్యంలో రంప మునసబుదారు చిగురుపన్ను పేరుతో కల్లు మీద కూడా పన్ను బిగించాడు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు అప్పులిచ్చి, ఎప్పుడో గడువు దాటిన పత్రాలతో కోర్టుల్లో డిక్రీలు తెచ్చి, పశువులను తోలుకుపోయేవారు. కోర్టు ఎక్కడో కొండ క్రింద. వాయిదా కాగితం వచ్చినట్టు కూడా కొండమనిషికి తెలిసేది కాదు. డిక్రీ అమలు చేయడానికి వచ్చినప్పుడు మాత్రం వర్తకుడి ప్రక్కన పోలీసు నిలబడేవాడు. 1879 మార్చిలో జనం తిరగబడ్డారు. మొట్టమొదట వాళ్ళ కోపం చోడవరం వైపు పోలీసుల మీద విరుచుకుపడింది. అడ్డతీగల ఠాణా తగలబడింది. ఆ మంట విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ, భద్రాచలానికీ పాకింది. పటాలాలు దించితే గాని 1880 దాకా అది చల్లారలేదు.

నలభై ఏళ్ళు గడిచాయి. అల్లూరి సీతారామరాజు కథ బడిపిల్లలకు కూడా తెలుసు గనుక అంతా చెప్పబోము. ఠాణాకు సంబంధించిన మేరకే చెబుతాము. గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయిస్తూ, పేరుకు ఆరణాల కూలి చెప్పి, చేతికి అణా, రెండణాలు ఇచ్చేవాడు. అడిగినవాడికి కొరడా దెబ్బలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇలా వరసగా మూడు రోజుల్లో మూడు ఠాణాల మీద రాజు దళం దాడి చేసింది. 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు పట్టుకుపోయారు. పట్టుకుపోయిన వాటికి రికార్డులో సంతకం పెట్టి మరీ పోయారు. రాజవొమ్మంగిలో ఖైదులో ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. కానీ ఠాణాలోని మన దేశపు జవాన్ల ప్రాణాలు తీయలేదు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కూడా ముందు నడిచిన మన సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన కవర్డు, హైటరు అనే ఇద్దరు దొరలను కాల్చారు. మలబారు నుంచి స్పెషలు పోలీసును, ఆ తర్వాత అస్సాం రైఫిల్సును దించారు. 1924 మే 7న రాజును పట్టుకుని కాల్చి చంపారు.

ఇక్కడ మనవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన పేరు ఒకటి ఉంది. అది పోలవరంలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లా ఖాన్ గారిది. తిరుగుబాటుకు ముందే రాజును అనుమానించి, పైడిపుట్టలో ఉంచి, ఎప్పటికప్పుడు పోలీసులకు కనబడుతూ ఉండాలని కట్టడి చేశారు. ఖాన్ గారు రాజు మంచితనం ఎరిగినవారు. ఆ నిర్బంధం నుంచి ఆయన బయటపడడానికి సాయం చేశారు. 1922 జూన్‌లో రాజు మళ్ళీ మన్యంలో అడుగుపెట్టారు. ఖాన్ గారు తిరుగుబాటుదారు కాదు, సర్కారు ఉద్యోగి. ఆ ఉద్యోగంలోనే ఉండి, ఎదుటివాణ్ణి కాగితం మీది నేరస్థుడుగా గాక మనిషిగా చూశారు. బాస్టియన్ కూడా అదే సర్కారు ఉద్యోగి. ఇద్దరికీ జీతం ఒకే ఖజానా నుంచి వచ్చింది. నూరేళ్ళు దాటినా మన్యం ఇద్దరినీ మర్చిపోలేదు. ఒకరిని ఎలా, రెండోవారిని ఎలా గుర్తుపెట్టుకుందో మేము వేరే చెప్పనక్కరలేదు.

ఆ కాలంలోనే నిజాం రాజ్యంలో ఇంకొక ఉదాహరణ ఉంది. 1920 నుంచి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా పనిచేసిన రాజబహదూర్ వెంకట్రామారెడ్డి గారు తెలుగువారు, హిందువులు. ముస్లిం పాలకుడైన ఏడవ నిజాం రాజధాని భద్రతను ఆయన చేతిలో పెట్టి నిశ్చింతగా ఉన్నారు. 1918లో రెడ్డి హాస్టలు స్థాపించి ఎందరో బీద విద్యార్థులకు చదువు దారి చూపిన వారు కూడా ఆయనే. పోలవరంలో ఒక ఖాన్, హైదరాబాదులో ఒక రెడ్డి. పదవి మతాన్ని చూడదు, అప్పగించిన నమ్మకాన్ని చూస్తుంది అనడానికి ఇంతకన్న ఏం కావాలి?

నమ్మకం అన్నచోట మన చాచా నోటుపుస్తకంలో ఎక్కడ చూసినా ఒకటే మాట, అమానత్. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన సొమ్ము. అది మనది కాదు, దాచిపెట్టడమే మన పని, అడిగిననాడు అలాగే తిరిగి ఇవ్వాలి. ఖురాన్ షరీఫ్‌లో సూరా నిసా 58వ ఆయతులో అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమనీ, తీర్పు చెప్పవలసి వస్తే న్యాయంగా చెప్పమనీ రెండు ఆజ్ఞలు ఒక్కచోటే ఉన్నాయి. చాచా ఆ ఆయతు నంబరు తన పుస్తకం మొదటి పేజీలో వ్రాసుకుని, క్రింద "యూనిఫారం" అని ఒక్క మాట వ్రాశారు.

ఆ యూనిఫారం రంగు సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఖాకీ అన్నది మన మాటే. ఖాక్ అంటే మట్టి, ఖాకీ అంటే మట్టి రంగు. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ అనే దొర లేవదీసిన గైడ్సు దళం ఈ రంగు బట్టలు కట్టింది. దుమ్ములో కలిసిపోయి శత్రువుకు కనబడకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. చాచా మాత్రం దీనికి ఇంకొక అర్థం చెబుతారు. "మట్టి నుంచి వచ్చాం, మట్టిలోకి పోతాం. పొద్దున్నే ఆ రంగు తొడుక్కున్నప్పుడల్లా ఆ సంగతి గుర్తుకు రావాలి గదా మాస్టర్ సాబ్. మాకు గుర్తుకొచ్చేది కాదు. బెల్టు బిగించగానే దొరనైపోయాననుకునేవాణ్ణి" అన్నారు.

ఇక చాచా స్వానుభవం. దీన్ని ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాము. చేరిన కొత్తలో, వయసు ఇరవై నాలుగో ఇరవై అయిదో. ఆ లోయలోనే ఒక ఊరు. ఊరు పేరు, ఠాణా పేరు వద్దన్నారు. సంత రోజున దారి మొదట్లో నిలబడడం ఆయన డ్యూటీ. ఒక ముసలామె చంకలో కోడిని పెట్టుకుని కొండ దిగి వస్తోంది. పై వాళ్ళు నేర్పిన ప్రకారం ఈయన చెయ్యి చాపారు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. కోడిని ఇచ్చేసి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే కొండ ఎక్కిపోయింది. ఆ రాత్రి క్వార్టర్సులో కూర వండుకున్నారు. "ఇదంతా మామూలే, తిను" అన్నాడట తోటివాడు.

మర్నాడు ఆ ఊరి బడి పంతులు వచ్చి మాటల మధ్య అసలు సంగతి చెప్పాడు. ఆమె మనవడికి జ్వరం. కోడిని అమ్మి ఉప్పూ, మాత్రలూ కొందామని వచ్చింది. ఆమె దగ్గర అమ్ముకోవడానికి ఉన్నది ఆ ఒక్క కోడే. చాచాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పై సంతలో ఆమె కొడుకును వెదికి పట్టుకుని, అయిదు రూపాయల నోటు చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో అది కోడి ధరకు తక్కువేం కాదు. అతను వణుకుతూ తీసుకుని పోయాడు. ఈయన మనసు తేలికపడింది.

వారం తిరిగేసరికి, తెల్లవారి లేచి చూస్తే ఠాణా అరుగు మీద ఒక అడ్డాకు పొట్లం. అందులో అదే అయిదు రూపాయల నోటు. ప్రక్కన కాళ్ళు కట్టేసిన ఇంకొక కోడి.

"వాళ్ళేమనుకున్నారో తెలుసా మాస్టర్ సాబ్? మొదటి కోడి చాలలేదు కాబోలు, అందుకే పోలీసాయన ఏదో మెలిక పెడుతున్నాడనుకున్నారు. అప్పు చేసి రెండో కోడి తెచ్చిపెట్టారు. నేను తప్పు దిద్దుకుందామని పోతే, నా ఖాకీ బట్ట ఆ దిద్దుబాటును కూడా వాళ్ళకు బెదిరింపుగానే చూపించింది" అని చెబుతూ చాచా చాలాసేపు ఊరుకున్నారు. మేము కూడా ఏమీ అనలేకపోయాము.

ఆ భయం ఆ ముసలామెది మాత్రమే కాదు. 1879 నాటిది, 1922 నాటిది, అంతకు ముందుది కూడా. మూడు నాలుగు తరాలు తల్లి పాలతో తాగిన భయం. దాన్ని ఒక జవాను అయిదు రూపాయలతో పోగొట్టలేడు. అయితే ఎలా పోతుంది? దానికి జవాబు ఆయన పుస్తకంలోనే ఇంకొకచోట దొరికింది.

1985, రాష్ట్రంలో మండలాల పద్ధతి వచ్చిన ఏడు. రంజాను నెల వేసవిలో పడింది. డుంబ్రిగుడ ప్రాంతంలో ఒక దొంగతనం కేసు దర్యాప్తు కోసం చాచా ఒంటరిగా ఒక కొండ ఊరికి పోయారు. అప్పటికి ఆయనకు అక్కడి ఒరియా మాట బాగానే పట్టుబడింది. ఠాణాకు పిలిపించడం మానేసి, తానే ఇంటింటికీ పోయి అరుగు మీద కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకపోవడం చూసి ఆ ఇంటి ఇల్లాలు కారణం అడిగింది. ఈయన చెప్పారు. ఆమె చోడి అంబలి కుండ దించి ప్రక్కన పెట్టింది. పొద్దు కొండ వెనక్కి దిగేదాకా ఆ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ముద్ద ముట్టలేదు. "ఇంటికొచ్చిన మనిషి తినకుండా మేమెట్లా తింటాం?" అందట. ఆ అంబలితోనే ఆయన రోజా విప్పారు. ఆ మర్నాడు ఊరి పెద్ద తానుగా వచ్చి, పోయిన సొత్తు ఎక్కడుందో చూపించాడు. కర్ర ఎత్తకుండా తేలిన కేసు అది.

డుంబ్రిగుడ దగ్గర చాపరాయి అని చూడచక్కని ఏరు ఉందని సభ్యుల్లో చాలామందికి తెలుసు. అరకు పోయినవాళ్ళు అక్కడ ఆగకుండా రారు. పరిచిన చాపలాగా విశాలమైన బండ, దాని మీద పలచగా జారే నీళ్ళు. చాచా గస్తీ తిరిగే రోజుల్లో ఆ నీళ్ళలోనే వజూ చేసుకుని, ప్రక్కన ఆరిన బండ మీద నమాజు చదువుకునేవారట. "అల్లా అక్కడ నా కోసం జానమాజు పరిచిపెట్టాడు" అని వ్రాసుకున్నారు. పశువులు కాసే పిల్లలు దూరం నుంచి చూస్తూ ఉండేవారు. మొదట్లో ఖాకీని చూసి పారిపోయినవాళ్ళే, తర్వాత తర్వాత ఆయన బూట్ల దగ్గర కాపలా కూర్చునేవారు.

ఇంతవరకు చెప్పి ఆపితే కథ అందంగా ముగిసినట్టే. కానీ చరిత్ర వ్రాసేవాడు అందం కోసం ఆపరాదు.

1967 అక్టోబరు 31న లేవిడిలో జరిగిన కాల్పుల తర్వాత శ్రీకాకుళం మన్యం భగ్గుమంది. 1970 ఫిబ్రవరిలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చింది. చట్టం మంచిదే, అమలు మాత్రం నత్తనడక. ఆ తర్వాత ఆంధ్ర ఒరిస్సా సరిహద్దు కొండలు మావోయిస్టులకు, పోలీసులకు మధ్య నలిగిపోయాయి. 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలం వాకపల్లిలో కూంబింగుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని గిరిజన స్త్రీలు ఫిర్యాదు చేశారు. ఆ కేసు పదహారేళ్ళు నడిచింది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడిచిపెడుతూనే, దర్యాప్తు సరిగ్గా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. మొర పెట్టుకున్నవాళ్ళే అన్నేళ్ళు అనుమానపు చూపులు మోశారు. ముద్దయీ ముద్దాయి కావడమంటే ఇదే గదా అని మాకు అనిపించింది.

రెండోవైపు కూడా చూడాలి. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద వస్తున్న పోలీసులపై మావోయిస్టులు దాడి చేస్తే 38 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది గ్రేహౌండ్సు జవాన్లు, పల్లెటూళ్ళ బీద ఇళ్ళ పిల్లలు. చాచాకు తెలిసినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ ఇళ్ళకు పోయి తల్లులను ఓదార్చడం తన సర్వీసులో అన్నిటికన్న కష్టమైన డ్యూటీ అని వ్రాశారు.

చివరకు 2018 సెప్టెంబరు 23, ఆదివారం. అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమ, ఇద్దరూ గిరిజన బిడ్డలే. డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు వాళ్ళను ఆపి కాల్చి చంపారు. ఏ పేరు పెట్టినా అది హత్యే, సమర్థించడానికి వీలు లేదు. ఆ వార్త తెలియగానే అయినవాళ్ళు, అనుచరులు గుండె మండి పోలీసుల మీదికి వెళ్ళారు. అరకు, డుంబ్రిగుడ పోలీసు స్టేషన్లపై దాడి చేసి నిప్పు పెట్టారు.

చాచా అప్పటికి రిటైరై ఎనిమిదేళ్ళు. టీవీలో ఆ మంట చూస్తూ ఆయన అన్న మాట మాకు ఇంకా చెవుల్లో ఉంది. "కాపాడలేదు అన్న కోపం అది. కాపాడతారని ఆశ ఉన్నచోటే ఆ కోపం వస్తుంది. 1879లో అడ్డతీగల ఠాణా తగలబెట్టినవాళ్ళకు ఠాణా మీద ఆశ లేదు. వీళ్ళకు ఉంది. అది విరిగింది. అమానతు పోతే హక్కుదారు ఊరుకుంటాడా?" తగలబెట్టడం తప్పు అని కూడా ఆయనే అన్నారు. రికార్డు కాలితే, అందులో ఎంతమంది బీదవాళ్ళ ఫిర్యాదులు కాలిపోయాయో అని బాధపడ్డారు. కానీ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా దాన్ని తిడితే లాభం లేదన్నారు.

దేశం గురించి, దీన్ గురించి కూడా మేము ఆయన్ని అడిగాము. ఆయన నవ్వారు. "ఠాణాలో కొందరు నన్ను తురకవాడని ఓ కంట చూసేవారు. మన మొహల్లాలో కొందరు పోలీసువాడని ఓ కంట చూసేవారు. ముప్పై ఏడేళ్ళు రెండువైపులా నిఘాలోనే ఉన్నాను" అన్నారు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలినప్పుడు ఆయన మైదాన ప్రాంతంలో ఒక పట్టణంలో బందోబస్తుకు వచ్చారు. ఆయన్ని గుడి ముందు వేశారు. ఆయన తోటివాడు, హిందువు, మసీదు ముందు పడ్డాడు. మూడు రోజులు వాళ్ళిద్దరూ ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. "మనసులో బాధ లేదని అబద్ధం చెప్పను. చాలా ఉంది. కానీ ఆ గుడి నాకు అప్పగించిన సొమ్ము. నా బాధ నాది, ఆ గుడి వాళ్ళది. ఒకదాన్ని ఇంకొకదానిలో కలపకూడదు. నా దీన్ నాకు నేర్పింది అదే, నా దేశం అడిగింది కూడా అదే" అన్నారు. సూరా నిసా 135వ ఆయతులో మీకు, మీ తల్లిదండ్రులకు, మీ బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం వైపు నిలబడమని ఉన్న ఆజ్ఞను మేము ఏటా పిల్లలకు చెబుతాము. దాన్ని డ్యూటీగా చేసిన మనిషి మా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడని మాకు ఆ రోజే తెలిసింది.

ఉర్దూ వాచకాల్లో హజ్రత్ ఉమర్ గారి కథ ఒకటి ఉంటుంది. రాజ్యమంతా చేతిలో ఉన్నా, రాత్రిపూట మదీనా వీధుల్లో ఒంటరిగా గస్తీ తిరిగేవారు. ఒక తల్లి ఖాళీ కుండ పొయ్యి మీద పెట్టి, ఆకలితో ఏడ్చే పిల్లలను ఊరడించడం చూసి, పిండి మూట తన వీపు మీదే మోసుకొచ్చారు. నౌకరు తాను మోస్తానంటే, ప్రళయదినాన నా బరువు నువ్వు మోస్తావా అని అడిగారు. గస్తీ అన్న మాటకు అసలు అర్థం ఇది. ఎవరు దొంగ అని చూస్తూ తిరగడం ఒక్కటే గాదు, ఎవరు ఆకలితో ఉన్నారని చూడడం కూడా.

ప్రతి ఏటా అక్టోబరు 21న పోలీసు అమరుల దినం జరుగుతుంది. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయిన రోజు అది. ఆ రోజు చాచా తన పాత బెల్టు తీసి తుడిచి, మళ్ళీ పెట్టెలో పెడతారు. ఈసారి మేము కూడా ప్రక్కన ఉన్నాము. అప్పుడే ఆయన ఒక మనవి చేశారు. దాన్ని ఈ సంచిక ద్వారా సభ్యులకు అందజేయడం మా విధి.

మన పిల్లలు, ఆడపిల్లలు కూడా, పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి వెనకాడుతున్నారు. మనల్ని తీసుకోరులే అని కొందరు, ఆ ఉద్యోగం హరాం సంపాదనకు దారి అని కొందరు. రెండూ సరికాదని చాచా అంటారు. పోలీసు పరీక్షలకు తయారయ్యే పిల్లలకు సాయంత్రం పూట ఒక గది ఇస్తే, తాను వచ్చి చట్టం పాఠాలు చెబుతానన్నారు. మేము లెక్కలు, భాష చెబుతామని మాట ఇచ్చాము. కార్యవర్గం వారు ఆలోచించాలని కోరుతున్నాము.

మొదటి పాఠం ఏమిటని అడిగాము. "ఫిర్యాదు అంటే ఏడుపు అని మీరే గదా చెప్పారు మాస్టర్ సాబ్. అదే మొదటి పాఠం. ఎదుటివాడు కాగితం ఇవ్వడం లేదు, ఏడుస్తున్నాడు. రెండోది, మామూలు అన్న మాట నోట రానీయకూడదు. మూడోది నా కోడి కథ. అది నేనే చెబుతాను, నా పేరుతోనే చెబుతాను. పిల్లల ముందు దాచను" అన్నారు.

సంచికలో పేరు వద్దన్న మనిషి, తన తప్పు చెప్పుకోవడానికి మాత్రం పేరు పెట్టుకుంటానన్నారు. ఆ మాట విన్న తర్వాత ఇంక వ్రాయవలసింది మాకు కనబడలేదు.

మనకు అప్పగించిన అమానతులను చెడగొట్టకుండా హక్కుదారులకు చేర్చే శక్తిని ఆ పర్వర్దిగారు మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.